కలపడానికి కీ ఉంది, విరవడానికి లేదు

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాడు విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ నేర్చుకుంటున్నాడు. మొదటి వారం దాంట్లోంచి బయటికి రావడమెలాగో అడిగాడు, అది అందరూ అడిగేదే. నాలుగో వారం నా దగ్గరికొచ్చి, "అన్నా, పెద్ద జె (క్యాపిటల్ జె) నొక్కితే కింది లైను పైకొచ్చి అతుక్కుంటోంది. మరి ఒక లైన్ని రెండుగా విరవాలంటే ఏది నొక్కాలి?" అన్నాడు.

"ఐ, ఎంటర్, ఎస్కేప్."

"అవి మూడు కదన్నా. ఒక్కటి లేదా?"

"లేదు."

"ఎందుకు లేదు?"

పన్నెండేళ్ళుగా రోజూ వాడుతున్న ఎడిటర్ గురించి అంత చిన్న ప్రశ్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. "లేదంటే లేదు, అంతే" అని పంపించేశాను. వాడికి చెప్పని సంగతి ఇంకొకటుంది. నా సెట్టింగుల ఫైల్లో ఏళ్ళ తరబడి ఒక మ్యాప్, అంటే ఒక కీకి నాకిష్టమైన పని అప్పగించే లైను, ఉండేది: పెద్ద కె నొక్కితే కర్సర్ ఉన్నచోట లైను విరుగుతుంది. జె పక్కనే కె, కలపడానికి అది, విరవడానికి ఇది. దాన్ని కొన్నాళ్ళ కిందట తీసేశాను. వాడికి ఆ మ్యాప్ కాపీ చేసి ఇవ్వబోయి ఆగిపోయాను. నేనెందుకు తీసేశానో, వాడికివ్వడానికి ఎందుకు మనసొప్పలేదో ఆలోచిస్తూ కూర్చుంటే ఈ పోస్టు తయారైంది. అనుకున్నదానికన్నా పొడుగైంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లైన్లు కలిపే పని మెషీన్‌కి వదిలెయ్యొచ్చు. విరిచే పని మనిషి చేతిలోనే ఉండాలి, మామూలు వచనం రాసేటప్పుడు మరీను. పేరా మొత్తాన్ని ఒక్క దెబ్బకి ఫలానా వెడల్పులోకి సర్దేసే జీ-క్యూ అంటే ఒకప్పుడు నాకు మహా మోజు. ఇప్పుడు దాని మీద చెయ్యి పడితే ఒక క్షణం ఆగుతున్నాను.

## జె ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూస్తే

జె పైకి కనిపించేంత మొద్దు ఆదేశమేం కాదు. రెండు లైన్ల మధ్య విరుపు తీసేస్తుంది. కింది లైను మొదట్లో ఉన్న ఇండెంట్ అంతా ఊడ్చేస్తుంది. మధ్యలో ఒక్క స్పేస్ పెడుతుంది. పై లైను చివర ఇప్పటికే స్పేస్ ఉంటే ఇంకోటి పెట్టదు. కింది లైను ")" తో మొదలైతే అసలు పెట్టదు, మూసే బ్రాకెట్ ముందు ఖాళీ ఎవరికీ అక్కర్లేదని ఎవరో ఎప్పుడో అనుకున్నారు, సరిగ్గానే అనుకున్నారు. విమ్‌కి మూలమైన పాత వి (vi) ఎడిటర్ అయితే ఫుల్‌స్టాప్ తర్వాత రెండు స్పేస్‌లు పెట్టేది, టైప్‌రైటర్ రోజుల అలవాటు. ముందు 2 కొట్టి జె నొక్కినా, ఉత్తి జె నొక్కినా వచ్చేది ఒకటే. కలపాలంటే ఎలాగూ రెండు లైన్లు కావాలి కాబట్టి. 3 కొడితేనే తేడా కనిపిస్తుంది.

ఇన్ని చిన్న చిన్న విషయాలు చూసుకునే ఆదేశం "ఎక్కడ?" అని మాత్రం అడగదు. అడగాల్సిన అవసరం లేదు. లైను ఎక్కడ ముగిసిందో ఫైల్లోనే ఉంది. కలపడమంటే ఉన్న సమాచారాన్ని పారెయ్యడం, పారెయ్యడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

విరవడంలో ఉన్నదంతా ఆ "ఎక్కడ" అన్నదే. తొంభై అక్షరాల లైన్లో డజను దాకా ఖాళీలుంటాయి, వాటిలో ఏదైనా కావచ్చు. అందుకే పొరపాటున కలిపేసిన రెండు లైన్లని మళ్ళీ పాత చోటే విడదియ్యాలంటే యు (అన్‌డూ) కొట్టి వెనక్కి పోవడం తప్ప దారి లేదు. ఆ చోటు ఏదన్నది టెక్స్ట్‌లో ఎక్కడా మిగల్లేదు. ఫైలు మూసేసి మర్నాడు తెరిస్తే ఆ యు కూడా మామూలుగా పనిచెయ్యదు.

ఇది చదివి "వి రాసినాయన ఇంత వేదాంతం ఆలోచించే ఆ కీ ఇవ్వలేదంటావా?" అని ఎవరైనా అడిగితే, అనను. 1976 ప్రాంతంలో బిల్ జాయ్ దాన్ని రాస్తున్నప్పుడు ఆయన ఇంట్లో ఉన్నది 300 బాడ్ మోడెమ్. స్క్రీన్ మీద ఒక్కో అక్షరం నింపాదిగా వచ్చేది. ఆదేశాలు పొట్టిగా ఉండాలన్నదే ఆ రోజుల్లో బాధ. ఇన్సర్ట్ మోడ్‌లో (టైపు చేసింది ఫైల్లో చేరే స్థితిలో) ఎంటర్ కొడితే లైను ఎలాగూ విరుగుతుంది, దానికి, కీలన్నీ ఆదేశాలయ్యే నార్మల్ మోడ్‌లో ఇంకో కీ దండగ. బహుశా అంతే కథ. దానికి ముందున్న ఎడ్ అనే ఎడిటర్లో కూడా ఇదే తంతు: లైన్లు కలపడానికి చిన్న జె అని విడిగా ఆదేశం ఉంది, విరవాలంటే మాత్రం ఒక మాట బదులు ఇంకోటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఆదేశం రాసి, కొత్త మాట స్థానంలో బ్యాక్‌స్లాష్ పెట్టి నిజంగా ఎంటర్ కొట్టాలి. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్లో లైను విరిచే ఆదేశం పేరుతో సహా ఉంది, కంట్రోల్, మెటా, ఓ కలిపి నొక్కితే మిగతా సగం నిటారుగా కిందికి దిగుతుంది. దాన్ని రోజూ వాడే ఈమాక్స్ మనిషిని నేనింతవరకూ చూడలేదు, వాళ్ళకీ ఎంటర్ చాలు.

కాబట్టి ఇది యాదృచ్ఛికమే అనుకుందాం. యాదృచ్ఛికంగా మిగిలిపోయిన ఆ లోటు నాకు మాత్రం పనికొచ్చింది.

## ఆర్, ఎంటర్

కె మ్యాప్ తీసేశాక నేను వాడుతున్నది ఇది: విరవాల్సిన చోట ఉన్న స్పేస్ మీద కర్సర్ పెట్టి, ఆర్ కొట్టి, ఎంటర్ కొట్టడం. ఆర్ అంటే కర్సర్ కింద ఉన్న అక్షరాన్ని నేను చెప్పబోయే అక్షరంతో మార్చు అని. మార్చేది ఎంటర్‌తో అయితే స్పేస్ ఉన్నచోట విరుపు వస్తుంది. రెండు కీలు, ఇన్సర్ట్ మోడ్‌లోకి దిగడం లేదు, ఎస్కేప్ లేదు.

పైకి ఇది కె మ్యాప్ చేసే పనే. తేడా తోకలో ఉంది. మాట మొదటి అక్షరం మీద నిలబడి కె కొడితే, ఆ మాటకి ముందున్న స్పేస్ పై లైను చివర్లో ఉండిపోతుంది. కంటికి కనపడదు. ఫైల్లో ఏం మారిందో చూపించే డిఫ్‌లో మాత్రం ఎర్రగా మెరుస్తుంది. పాత అలవాటు కొద్దీ ఫుల్‌స్టాప్ తర్వాత రెండు స్పేస్‌లు కొట్టేవాడి ఫైలైతే ఇంకా తమాషా: సాదా టెక్స్ట్‌ని పేజీగా మార్చే మార్క్‌డౌన్ పద్ధతిలో లైను చివర రెండు స్పేస్‌లు ఉంటే ఇక్కడ బలవంతంగా లైను విరిచెయ్యమని అర్థం. నేను నా సౌకర్యం కోసం ఫైల్లో విరిస్తే చదివేవాళ్ళ పేజీలో కూడా విరిగేది. ఆర్ తో అయితే ఆ స్పేసే విరుపుగా మారిపోతుంది. రెండు స్పేస్‌లుంటే ముందు 2 కొట్టి మొదలుపెడితే సరి, రెండు అక్షరాలు పోయి వాటి స్థానంలో ఒక్క విరుపే వస్తుంది. ఈ చిన్న సంగతి హెల్ప్ ఫైల్లో చూసినరోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సంతోషం.

అయితే నాకు నచ్చింది ఈ శుభ్రత ఒక్కటే కాదు. ఆర్ కొట్టాలంటే ముందు ఖచ్చితంగా ఒక స్పేస్ మీదికి వెళ్ళాలి. ఏ స్పేస్ అన్నది నేను తేల్చుకోవాలి. ఎఫ్ కొట్టి కామా దగ్గరికి దూకి, ఒక అడుగు కుడికి జరిగి, అక్కడ విరుస్తాను. ఆ దూకే లోపల లైను ఒకసారి చదివినట్టవుతుంది. ఎన్నో వాక్యాలు ఇలా విరవబోయి, విరవకుండా సగం కొట్టేశాను.

## జీ-క్యూ చేసిన రెండు పనులు

జీ-క్యూ కి ఇవేం అక్కర్లేదు. జీ-క్యూ-ఏ-పీ అంటే పేరా మొత్తం సర్దుతుంది, ఫైలు పైకెళ్ళి జీ-క్యూ పెద్ద జీ కొడితే ఫైలంతా సర్దుతుంది. ఒకరోజు నేను కొట్టింది ఆ రెండోదే. ఒక ప్రాజెక్టు గురించి వివరించే రీడ్‌మీ ఫైలు, లైన్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఒకటి నలభై అక్షరాలు, ఇంకోటి నూట ముప్ఫై. చూడ్డానికి చిరాకేసి కొట్టేశాను. చక్కగా కుదురుకుంది. కమిట్ చేశాను, అంటే ఆ మార్పుని ప్రాజెక్టు చరిత్రలోకి ఎక్కించేశాను.

ఆ ఫైలు మధ్యలో, కోడ్ అని గుర్తేమీ పెట్టకుండా, రెండు లైన్లున్నాయి. పై లైన్లో బిల్డ్ అనే ఫోల్డర్ తయారుచెయ్యమనే ఎమ్‌కేడిర్ ఆదేశం, కింది లైన్లో ఆ ఫోల్డర్లోకి వెళ్ళమనే సీడీ ఆదేశం. జీ-క్యూ దృష్టిలో అవి ఒకే పేరాలోని రెండు పొట్టి లైన్లు. కలిపేసింది. వారం తర్వాత వేరే టీమ్‌లో ఒకావిడ ఆ లైన్ని కాపీ చేసి టెర్మినల్లో వేసింది. ఎమ్‌కేడిర్ పాపం చెప్పినట్టే చేసింది: బిల్డ్ అని ఒక ఫోల్డర్ తయారుచేసింది, సీడీ అని ఇంకో ఫోల్డర్ తయారుచేసింది, మూడో మాటగా మళ్ళీ బిల్డ్ అంటే అది ఇప్పటికే ఉందని చెప్పి ఆగింది. "మీ ప్రాజెక్టులో ఈ సీడీ ఫోల్డర్ దేనికండీ?" అని ఆవిడ అడిగితే నాకు అర్థం కావడానికి పావుగంట పట్టింది.

ఇది నా అజాగ్రత్త, జీ-క్యూ తప్పు కాదు, ఒప్పుకుంటాను. ఆ లైన్లని కోడ్‌గా గుర్తించి ఉండాల్సింది కూడా. కానీ ఆ రెండు లైన్ల మధ్య ఉన్న విరుపుకి అర్థముంది, దాన్ని పెట్టినవాడు ఏదో అనుకునే పెట్టాడు. ఆ అర్థం తెలియకుండానే దాన్ని తీసేసే అధికారం నేనొక ఆదేశానికిచ్చాను.

రెండోది ఇంకాస్త బరువైంది. ఒక నిబంధనల పత్రంలో తొమ్మిది లైన్ల పేరా, అన్నీ 72 అక్షరాల దగ్గర విరిచినవి. అందులో రెండో లైన్లో "తప్పనిసరిగా" అని ఉన్నచోట "సాధ్యమైనంతవరకు" అని మార్చాను. లైను పొడుగైంది, అలవాటుగా జీ-క్యూ-ఐ-పీ (ఇదీ పేరా సర్దేదే) కొట్టాను. ఆ ఒక్క మాట తోసిన తోపుకి కిందున్న లైన్లన్నీ ఒక్కో మాట చొప్పున జరిగాయి. డిఫ్‌లో ఎనిమిది లైన్లు ఎరుపు, ఎనిమిది లైన్లు ఆకుపచ్చ. రివ్యూ చేసిన పెద్దాయన "ఫార్మాటింగ్ కదా" అనుకుని పై పైన చూసి ఒప్పేసుకున్నారు. ఒక నిబంధన సూచనగా మారిపోయిందన్న సంగతి నెల తర్వాత ఎవరో అడిగితే బయటపడింది. నేను దాచలేదు. డిఫ్ దాచింది.

పేరాలు సర్దే బయటి ప్రోగ్రాం ఎఫ్‌ఎంటి వాడి ఉంటే ఇంకా ఘోరం. విమ్ సొంత పద్ధతి అత్యాశది, లైన్లో పట్టినన్ని మాటలు పట్టించి మిగిలింది కిందికి తోస్తుంది, కాబట్టి మార్పుకి కిందున్న లైన్లే కదులుతాయి. గ్నూ వారి ఎఫ్‌ఎంటి, డోనల్డ్ క్నూత్, మైకేల్ ప్లాస్ 1981లో వివరించిన దారిలో, పేరా మొత్తాన్ని ఒకేసారి చూసి చివర్లు వీలైనంత సమంగా వచ్చేలా విరుస్తుంది. అచ్చు పుస్తకానికి అది అద్భుతం. డిఫ్‌కి మాత్రం, కింద మాట మారిస్తే పై లైన్లు కూడా కదలొచ్చు.

ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో, మాటల వారీగా తేడా చూపించే ఆప్షన్ ఉంది కదా అంటారు. ఉంది. నేనూ వాడతాను. రివ్యూ చేసే ప్రతివాళ్ళూ దాన్ని ఆన్ చేసుకుంటారని నమ్మకం పెట్టుకోలేం. పెద్ద ఫార్మాటింగ్ కమిట్లని, ఏ లైను ఎవరు మార్చారో చూపించే బ్లేమ్‌లోంచి పక్కన పెట్టే సదుపాయం కూడా 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచీ ఉంది. అంటే ఈ గాయం ఎంతమందికి తగిలిందో, దానికి పట్టీ కూడా వచ్చేసింది.

## అసలు 72 ఎవరి లెక్క?

ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డుకి 80 నిలువు వరుసలు, ఫోర్ట్రాన్ భాష దాంట్లో 72 వరకే చదివేది, ఆ తర్వాత టెర్మినళ్ళు ఆ ఎనభైనే పట్టుకున్నాయి. ఈ కథ మీరంతా వినే ఉంటారు. ఈమాక్స్ 70 అంటుంది, ఎఫ్‌ఎంటి 75 అంటుంది, పైథాన్ వాళ్ళు కోడ్‌కి 79, వివరణలకి 72 అంటారు. సంఖ్య ఏదైనా అది అక్షరాల వెడల్పు అంతా ఒకటే అనుకుని వేసిన లెక్క.

తెలుగు రాసేవాడికి ఆ లెక్క మొదటి లైన్లోనే తప్పుతుంది. "స్త్రీ" కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. విమ్ పొల్లునీ గుణింతాన్నీ ముందున్న హల్లు మీదికి ఎక్కించి స్క్రీన్ మీద మూడు గళ్ళు లెక్కేస్తుంది. ఒకటా, మూడా, ఆరా, పద్దెనిమిదా? నేను వాడిన ఎఫ్‌ఎంటి బైట్లు లెక్కపెట్టే రకం. తెలుగు పేరా దాంట్లోంచి తీస్తే లైనుకి మూడేసి మాటలు మిగిలాయి, సన్నటి తోకలా దిగింది పేరా.

"సాఫ్ట్‌వేర్" అని రాస్తే ట్ కీ వే కీ మధ్య కనపడని అక్షరం ఒకటుంటుంది, అది లేకపోతే వ వచ్చి ట కింద వత్తుగా చేరిపోతుంది. విమ్ దాన్ని కనపడనివ్వకుండా ఉంచదు, కోణపు బ్రాకెట్ల మధ్య 200సి అని చూపించి ఆరు గళ్ళు తినేస్తుంది. లోన్‌వర్డ్స్ ఎక్కువున్న లైను అందుకే ఎప్పుడూ ముందే విరిగిపోతుంది. ఇంతకన్నా ముచ్చటైనది ఇంకోటి. ఫార్మాట్ ఆప్షన్లలో ఎమ్ అనే అక్షరం ఉంది, మాటల మధ్య ఖాళీ వదలని చైనీస్, జపనీస్ లాంటి లిపుల కోసం పెట్టింది. అది ఉంటే 255 దాటిన సంకేతం ఏదైనా సరే, దాని దగ్గర లైను విరవొచ్చు. దాని వివరణలో "మల్టీబైట్" అని చూసి తెలుగుకి మంచిదేమోనని నేను పెట్టుకున్నాను. ఒక లైను చివర "స్", కింది లైను మొదట "త్రీ" కనిపించిన రోజున తీసేశాను.

## వాక్యానికో లైను, కొన్నిసార్లు అంతకన్నా పొట్టి

మరి నేనేం చేస్తున్నానంటే, వాక్యం ముగిసినచోట లైను విరుస్తున్నాను. వాక్యం పొడుగైతే దానిలో ఊపిరి ఆగేచోట విరుస్తున్నాను. ఇది నేను కనిపెట్టింది కాదు. బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిహన్ 1974లోనే, యూనిక్స్‌కి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాసిన పాఠంలో ఇదే చెప్పాడు: ప్రతి వాక్యాన్నీ కొత్త లైన్లో మొదలుపెట్టండి, లైన్లు పొట్టిగా ఉంచండి, కామాల్లాంటి సహజమైన చోట విరవండి. ఆయన కారణం కూడా సాదాదే. పత్రాలు దిద్దేటప్పుడు మనం మార్చేది, తీసేసేది, ముందుకీ వెనక్కీ జరిపేది వాక్యాల్నీ వాక్యంలోని ముక్కల్నీ. అవే లైన్లయితే ఎడిటర్‌కి సులువు. మార్క్‌డౌన్ అయినా టెక్ (TeX) అయినా హెచ్‌టీఎమ్‌ఎల్ అయినా ఒంటరి విరుపుని స్పేస్‌గానే చూస్తాయి కాబట్టి చదివేవాడికి తేడా తెలియదు.

ఒక ఉదాహరణ. ఇది మెషీన్ విరిచినది:

సర్వర్ ఆగిపోతే ముందు లాగ్ ఫైలు
కాపీ చేసుకుని ఆ తర్వాతే
రీస్టార్ట్ చెయ్యాలి.

ఇది చేత్తో విరిచినది:

సర్వర్ ఆగిపోతే
ముందు లాగ్ ఫైలు కాపీ చేసుకుని
ఆ తర్వాతే రీస్టార్ట్ చెయ్యాలి.

రెండో దాంట్లో మొదటి లైను ఎప్పుడన్నది, మిగతా రెండూ రెండు పనులు. మధ్యలో "ఫలానావాళ్ళకి కబురు చేసి" అని ఇంకో పని చేర్చాలంటే ఓ కొట్టి కొత్త లైను తెరిస్తే చాలు. డిఫ్‌లో ఒకే ఒక్క ఆకుపచ్చ లైను. క్రమం మార్చాలంటే డీ-డీ కొట్టి లైను తీసి, పీ కొట్టి ఇంకోచోట పెట్టడమే.

ఇంకో విషయం గమనించండి. పై వాక్యంలో ఒక్క కామా లేదు. ఇంగ్లీషులో అయితే కామాలూ సెమికోలన్లూ పట్టుకుని ఏ స్క్రిప్టో విరవగలదేమో. తెలుగు వాక్యం విరిగేది "ఆగిపోతే" దగ్గర, "చేసుకుని" దగ్గర, "కాబట్టి" దగ్గర, "అని" దగ్గర. ఆ "అని" ఒక్కోసారి వాక్యం మధ్య కీలు, ఒక్కోసారి ఏమీ కాదు. దీన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల వరస వెతికే సూత్రంతో, పట్టుకుందామని ఒక ఆదివారం మొత్తం తగలేశాను. "తే" తో ముగిసే మాట దగ్గర విరవమంటే "కొత్తే" దగ్గర కూడా విరిచింది.

అంతకుముందు ఇంకా మొరటుగా, ఫుల్‌స్టాప్, స్పేస్ కనిపించిన ప్రతిచోటా విరవమన్నాను. మొదటి ప్రయత్నంలో కొత్త విరుపుకి బ్యాక్‌స్లాష్ ఎన్ అని రాశాను, అందరూ చేసే తప్పు. విమ్‌లో వెతికే వైపు అది లైను చివర, మార్చే వైపు మాత్రం శూన్య సంకేతం. ఫైలంతా ^@ లు నీలంగా మొలిచాయి. మార్చే వైపు బ్యాక్‌స్లాష్ ఆర్ రాయాలి. ఎందుకలా అంటే పెద్ద కథ, వదిలెయ్యండి. సరిదిద్ది మళ్ళీ కొట్టాను. ఈసారి లైన్లు విరిగాయి. ఫైల్లో ఒక పెద్దమనిషి పేరు ఉంది, పేరుకి ముందు చుక్కలతో మూడు పొడి అక్షరాలు. ఆయన నాలుగు లైన్లలో మెట్లు దిగుతూ వచ్చారు. "డా." అన్నది ఒక లైను, డాక్టరు ఇంకో లైను.

## నాకున్న అనుమానాలు

ఈ పద్ధతి నా రాతని పాడుచేస్తోందేమోనని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. వాక్యాలు ఒకదాని కింద ఒకటి నిలబడితే వాటి పొడుగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మొదట్లో అది మేలే చేసింది, వరసగా ఐదు వాక్యాలు ఒకే పొడుగున ఉంటే అక్కడికక్కడే పట్టుబడేవి. రాను రాను మరీ పొడుగు వాక్యం కనిపిస్తే విరగ్గొట్టాలనిపించడం మొదలైంది, దానికి ఆ పొడుగు అవసరమైనా సరే. ఒక స్నేహితుడు నా ఫైలు తెరిచి "ఏంటి, కవిత్వం మొదలెట్టావా?" అన్నాడు. పేరా పేరాలాగా కంటికి ఆనకపోవడం నిజంగానే లోటు. ఒక్కోసారి చివర్లో పేజీగా మార్చి చూసుకుంటే తప్ప వాక్యం నుంచి వాక్యానికి నడక ఎలా ఉందో తెలియడం లేదు.

పేరా మొత్తం ఒకే లైనుగా ఉంచి, స్క్రీన్ మీద మాత్రం ఎడిటర్ చేత మడతపెట్టించే పద్ధతీ ఉంది. రెండేళ్ళు అలాగే రాశాను. లైన్‌బ్రేక్ ఆప్షన్ పెడితే మాట మధ్యలో మడవదు, 2014లో బ్రేక్‌ఇండెంట్ వచ్చాక మడత కూడా ఇండెంట్‌కి సరిపోతుంది. కదలడానికి జీ-జే, జీ-కే. ఇందులో ఎవరూ ఎక్కడా విరవనే విరవరు కాబట్టి నా వాదన ప్రకారం ఇది తప్పు కాదు, ఇంకా నిజాయితీ అయిన పద్ధతి కూడా. నేను మానేసింది ఒక్క కారణానికి: డీ-డీ కొట్టే అలవాటు. లైనే పేరా అయినప్పుడు అలవాటుగా వేలు రెండుసార్లు పడితే అరపేజీ పోతుంది. యు ఉంది, నిజమే. పోయిందని గమనిస్తే కదా.

వాక్యానికో లైను ఉంటే ఇద్దరి మార్పులు కొట్టుకోవని కూడా అంటుంటారు. అది సగమే నిజం. పక్కపక్క లైన్లు ఇద్దరు మార్చినా గిట్ ఆ రెండిటినీ కలిపే మెర్జ్ దగ్గర ఆగుతుంది. కాకపోతే కొట్లాట చిన్నదిగా ఉంటుంది, ఏది ఎవరిదో చదివితే తెలుస్తుంది.

కోడ్ సంగతేంటంటారా? అక్కడ లైన్లు విరవడం ఫార్మాటర్లకి, అంటే కోడ్ రూపం సర్దే ప్రోగ్రాములకి, వదిలేసి అందరం హాయిగా ఉన్నాం కదా? చాలావరకు ఉన్నాం, నేనూ ఉన్నాను. కానీ ఆ ఫార్మాటర్లని దగ్గరగా చూస్తే నాకు కాస్త ధైర్యమొచ్చింది. గో భాషకి వచ్చే గోఫమ్ట్ ఇండెంట్ సర్దుతుంది, వరసలు సరిచేస్తుంది, పొడుగు లైన్ని మాత్రం తనంతట తాను విరవదు. పైథాన్‌కి వాడే బ్లాక్ 88 దగ్గర విరుస్తుంది, అయినా జాబితా చివర నేనొక కామా పెడితే దాన్ని ఒకే లైన్లోకి లాగదు. ప్రెట్టియర్ జావాస్క్రిప్ట్‌ని పట్టుకుని తన ఇష్టప్రకారం 80కి పిండేస్తుంది. అదే ప్రెట్టియర్ మార్క్‌డౌన్ వచనం దగ్గరికొచ్చేసరికి, ప్రత్యేకంగా చెప్తే తప్ప, రాసినవాడు ఎక్కడ విరిస్తే అక్కడే వదిలేస్తుంది. చెయ్యలేక కాదు, చెయ్యమంటే చేస్తుంది. అడక్కుండా చెయ్యదు.

జీ-క్యూ ని నేను పూర్తిగా వదల్లేదు. కమిట్ సందేశం రాసేటప్పుడు విమ్ తనంతట తనే వెడల్పు 72 పెడుతుంది, నేనూ పేరాకి ఒకసారి జీ-క్యూ-ఏ-పీ కొడతాను. ఆ సందేశాన్ని చదివేవాడు పచ్చి టెక్స్ట్‌గానే టెర్మినల్లో చదువుతాడు, తర్వాత ఎవరూ దాన్ని దిద్దరు. సాదా టెక్స్ట్ మెయిల్ కూడా అంతే, లైను 78 దాటనివ్వకపోవడమే మంచిదని దాని ప్రమాణమే చెప్తోంది. కోడ్‌లో వ్యాఖ్యలు కూడా, పొడుగు పేరాలైతే. వీటన్నిట్లో విరుపు కంటి కోసమే, దాంట్లో అర్థమేమీ దాచలేదు, పోయినా నష్టం లేదు. వేరేవాళ్ళ ఫైలు ముందే 72 కి విరిచి ఉంటే నోరు మూసుకుని వాళ్ళ పద్ధతే పాటిస్తాను. నా సిద్ధాంతం కోసం వాళ్ళ ఫైలంతా విరగ్గొడితే నేను తిట్టుకున్న పనే నేను చేసినట్టు.

నిన్న ఆ కుర్రాడి వెనక నిలబడి ఏదో మాట్లాడుతున్నాను. వాడు ఒక పొడుగు వాక్యం మీద కర్సర్ పెట్టి పెద్ద కె కొట్టాడు. లైను విరిగింది. ఎక్కడో వెతికి పట్టుకుని ఆ మ్యాప్ పెట్టేసుకున్నాడన్నమాట. ఇంకోచోట విరిచాడు, ఇంకోచోట విరిచాడు. మూడు ముక్కల్నీ ఒకసారి పెదాలు కదుపుతూ చదువుకుని, రెండోది జె కొట్టి మళ్ళీ పైకి కలిపేశాడు. లైను చివర స్పేస్ మిగిలిందని చెప్పబోయి ఊరుకున్నాను.

"కె కి విమ్‌లో ముందే ఒక పనుందిరా, కర్సర్ కింద ఉన్న మాటకి మాన్యువల్ పేజీ తెరుస్తుంది. అది కావాలంటే ఏం చేస్తావ్?" అన్నాను.

"అదొకటుందా అన్నా?" అన్నాడు.